కొల్లూరు టు కచ్.. కారులో ఎడారి యాత్రకు వెళ్తున్నారా? బయల్దేరే ముందే ఇవి తేల్చుకోండి!

ఎటు చూసినా కాలవలు.. అరటి తోటలు.. పక్కనే కృష్ణమ్మ. బాపట్ల జిల్లా కొల్లూరులో బయల్దేరిన కారు దాదాపు 1,900 కిలోమీటర్లు వెళ్లాక ఓ చోట ఆగుతుంది. అక్కడ చెట్టు లేదు, చేను లేదు, చుక్క మంచినీళ్లు లేవు. కనుచూపు మేర తెల్లటి ఉప్పే. అదే గుజరాత్‌లోని రణ్ ఆఫ్ కచ్.

‘రోడ్ టు హెవెన్’ పేరుతో ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు చూసి చాలామంది ఆ దారి పట్టాలనుకుంటున్నారు. రెండు వైపులా తెల్లటి ఉప్పు మైదానం, మధ్యలో గీత గీసినట్టు నల్లటి రోడ్డు. 30 సెకన్ల వీడియోలో అది భలే ఉంటుంది. కానీ ఆ రోడ్డు మీదకు చేరడానికి ముందు నాలుగైదు రోజుల డ్రైవింగ్ ఉందని వీడియో చెప్పదు. బంకులు, సిగ్నల్, ఆస్పత్రి దూరంగా ఉంటాయనీ చెప్పదు. అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు ఇవన్నీ ముందే తెలియాలి. తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల నుంచి ఈ యాత్ర ప్లాన్ చేసుకునేవాళ్లు ఏమేం చూసుకోవాలో వివరంగా చూద్దాం.

అసలు కచ్ అంటే ఏంటి?

కచ్ ఒక జిల్లా. విస్తీర్ణంలో దేశంలోనే అతి పెద్దది. సుమారు 45,674 చదరపు కిలోమీటర్లు. పడమర అరేబియా సముద్రం, దక్షిణాన కచ్ సింధుశాఖ, ఉత్తరాన పెద్ద రణ్, తూర్పున చిన్న రణ్. రణ్ అంటే ఉప్పు ఎడారి. ఎండాకాలం, చలికాలం చూస్తే ఇది ద్వీపకల్పంలా ఉంటుంది. వానాకాలంలో రణ్ అంతా నీళ్లు నిండితే దాదాపు దీవిలా మారిపోతుంది.

ఆ నీళ్లు ఆవిరయ్యాక మిగిలేదే ఉప్పు పొర. అంటే ఆ తెల్లటి మైదానం ఏడాది పొడవునా ఉండదు. ఈ ఒక్క విషయం తెలియక జులైలోనో, సెప్టెంబర్‌లోనో వెళ్లి బురదనీళ్లు చూసి వెనక్కి వచ్చేవాళ్లున్నారు.

ఎప్పుడు వెళ్లాలి? సంక్రాంతి తర్వాతే మేలు.. ఎందుకంటే?

రణ్‌లో నీళ్లు అక్టోబర్, నవంబర్ నుంచి తగ్గుతాయి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉప్పు గట్టిగా, తెల్లగా కనిపిస్తుంది. మార్చి దాటితే ఎండ మొదలు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిపోతుంది. ఆ ఎండలో ఉప్పు మీద కళ్లు తెరిచి నిలబడటం కూడా కష్టమే.

డెల్టా రైతు కుటుంబాలకు మరో లెక్క ఉంది. డిసెంబర్‌లో వరి కోతలు, నూర్పిళ్లు. ఆ తర్వాత మినుమో, మొక్కజొన్నో. జనవరిలో సంక్రాంతికి ఊరు వదిలి వెళ్లేవాళ్లు ఉండరు. కాబట్టి సంక్రాంతి అయిపోయాక, జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా అందరికీ కుదిరే సమయం. క్రిస్మస్ సెలవుల రద్దీ కూడా అప్పటికి తగ్గుతుంది.

పౌర్ణమి రాత్రి ఉప్పు మైదానం వెన్నెల్లో మెరుస్తుంది. దాన్ని చూడాలనుకుంటే ముందే గది బుక్ చేసుకోవాలి. పౌర్ణమి ముందూ వెనకా రేట్లు పెరుగుతాయి. బడ్జెట్ తక్కువైతే పౌర్ణమికి నాలుగు రోజుల ముందు వెళ్లినా వెన్నెల చూడొచ్చు.

ఒక హెచ్చరిక. ఎడారి కదా అని చలి బట్టలు మర్చిపోవద్దు. జనవరిలో రాత్రిపూట పది డిగ్రీల కంటే కిందకు వెళ్తుంది. కచ్‌లోని నలియా గుజరాత్‌లో బాగా చలి పడే ఊళ్లలో ఒకటి. తెనాలి చలికి వేసుకునే స్వెట్టర్ అక్కడ సరిపోదు.

దూరమెంత? ఎన్ని రోజులు పడుతుంది?

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. మ్యాప్ యాప్‌లో చూస్తే ‘35 గంటలు’ అని చూపిస్తుంది. ఇద్దరం మార్చుకుంటూ నడిపితే రెండు రోజుల్లో వెళ్లిపోతాం అనుకుంటారు. ఆ లెక్కలో నిద్ర లేదు, భోజనం లేదు, పెద్దవాళ్ల కోసం ఆగడాలు లేవు, థానే ట్రాఫిక్ లేదు.

ఒక్కరే డ్రైవ్ చేసేట్టయితే కొల్లూరు నుంచి భుజ్‌కు ఐదు రోజులు పెట్టుకోవాలి. దూరాలు సుమారుగా ఇలా ఉంటాయి.

- మొదటి రోజు: కొల్లూరు, తెనాలి, విజయవాడ, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా జహీరాబాద్. 420 కిలోమీటర్లు.
- రెండో రోజు: జహీరాబాద్, హుమ్నాబాద్, షోలాపూర్ మీదుగా పుణె. 460 కిలోమీటర్లు.
- మూడో రోజు: పుణె, పన్వేల్, థానే, వాపి మీదుగా సూరత్. 400 కిలోమీటర్లు.
- నాలుగో రోజు: సూరత్, వడోదర మీదుగా అహ్మదాబాద్. 265 కిలోమీటర్లు.
- ఐదో రోజు: అహ్మదాబాద్, సూరజ్‌బారి వంతెన, భచావ్ మీదుగా భుజ్. 330 కిలోమీటర్లు.

నాలుగో రోజు కావాలనే తక్కువ పెట్టుకోవాలి. మూడు రోజులు వరుసగా నడిపాక ఒళ్లు అలిసేది అప్పుడే. ముందు రోజుల్లో ఏదైనా ఆలస్యమైతే సర్దుకోవడానికి కూడా ఆ రోజు పనికొస్తుంది.

బాగా నడపగలిగినవాళ్లు ఇద్దరుంటే నాలుగు రోజుల్లో చేరొచ్చు. అంతకంటే తగ్గించాలంటే రాత్రిళ్లు నడపాల్సిందే. అది మాత్రం వద్దు. తెల్లవారుజామున 2 నుంచి 5 గంటల మధ్య కునుకు తెలియకుండానే పట్టేస్తుంది. యాత్రలకు వెళ్లి వస్తూ ఆగి ఉన్న లారీని ఢీకొట్టిన వార్తలు మనకు కొత్త కాదు. వాటిలో చాలావరకు ఆ వేళలోనే జరుగుతుంటాయి. టీ తాగితేనో, పాటలు పెడితేనో నిద్ర పోదు. ఆపి పడుకుంటేనే పోతుంది.

మ్యాప్‌లో ‘కొల్లూరు’ అని కొడుతున్నారా? ఆగండి!

చిన్న విషయమే కానీ తిప్పలు పెడుతుంది. కొల్లూరు పేరుతో ఊళ్లు చాలానే ఉన్నాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక కొల్లూరు ఉంది. వజ్రాల గనులతో పేరుపడ్డ కొల్లూరు పల్నాడు వైపు. మూకాంబిక అమ్మవారి కొల్లూరు కర్ణాటకలో ఉంది. తిరుగు ప్రయాణంలో ‘కొల్లూరు’ అని మాత్రమే కొడితే యాప్ దేన్ని పట్టుకుంటుందో చెప్పలేం. వెళ్లేముందే మీ ఇంటి లొకేషన్ సేవ్ చేసుకోవడం మంచిది.

అందరూ కారులోనే వెళ్లాలా? ఇంకో దారి ఉంది

డ్రైవింగ్ సరదా లేనివాళ్లకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఐదు రోజులు కార్లో కూర్చోవడం శిక్షే. వాళ్లు విజయవాడలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి అహ్మదాబాద్ చేరొచ్చు. అక్కడి నుంచి భుజ్‌కు రైళ్లున్నాయి. 2024 సెప్టెంబర్‌లో మొదలైన నమో భారత్ ర్యాపిడ్ రైలు కూడా ఈ రెండు ఊళ్ల మధ్యే నడుస్తోంది. భుజ్‌లో ట్యాక్సీ మాట్లాడుకుంటే కచ్ మొత్తం చూడొచ్చు.

సగం కుటుంబం కారులో, పెద్దవాళ్లు రైల్లో వెళ్లి భుజ్‌లో కలుసుకునే పద్ధతి ఇంకా బాగుంటుంది. అసలు ఎడారి ప్రయాణం మొదలయ్యేది భుజ్ నుంచే కాబట్టి పెద్దవాళ్లు పోగొట్టుకునేదేమీ ఉండదు.

కచ్‌లో ఏడు రోజులు.. వెళ్లిన దారిలో తిరిగి రాకుండా

కచ్‌లో చూడాల్సినవి ఒకే దిక్కున లేవు. దక్షిణాన మాండ్వి, పడమర చివర నారాయణ్ సరోవర్, ఉత్తరాన ధోర్డో, ఈశాన్యాన ధోలావీరా. చాలామంది ముందు తెల్ల ఎడారికి పరిగెడతారు. దాంతో భుజ్‌కు మూడు నాలుగు సార్లు వచ్చిపోవాల్సి వస్తుంది. ధోలావీరాను చివర్లో పెట్టుకుంటే అటు నుంచి అటే బయటపడొచ్చు.

ఆరో రోజు: భుజ్‌లోనే. బండికి, మనిషికి విశ్రాంతి. 2001 జనవరి 26న వచ్చిన భూకంపంలో ఈ ఊరు నేలమట్టమైంది. వేలాది మంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా భుజియా కొండ మీద కట్టిన స్మృతివన్ 2022 ఆగస్టులో ప్రారంభమైంది. పక్కనే భుజోడీలో నేతగాళ్లు, అజ్రఖ్‌పూర్‌లో అజ్రఖ్ అద్దకం పనివాళ్లు ఉంటారు. అజ్రఖ్‌పూర్ ఆ భూకంపం తర్వాతే వెలిసిన ఊరు. మంగళగిరి చీర, పెడన కలంకారీ ఎరిగినవాళ్లకు అక్కడి మగ్గం, అద్దకం అచ్చులు చూస్తుంటే సొంత ఊరు గుర్తొస్తుంది.

ఏడో రోజు: మాండ్వి. భుజ్ నుంచి 60 కిలోమీటర్లు. రుక్మావతి నది ఒడ్డున ఇప్పటికీ చెక్కతో పెద్ద ఓడలు కడుతుంటారు. దబేలీ పుట్టిందీ ఈ ఊళ్లోనే అంటారు.

ఎనిమిదో రోజు: నలియా మీదుగా నారాయణ్ సరోవర్, కోటేశ్వర్. సుమారు 140 కిలోమీటర్లు. హిందువులు పవిత్రంగా భావించే ఐదు సరోవరాల్లో నారాయణ్ సరోవర్ ఒకటి. కోటేశ్వర్ శివాలయం సముద్రం అంచునే ఉంటుంది. శివరాత్రి రోజుల్లో జనం ఎక్కువ. రాత్రి బసకు ధర్మశాలలే దిక్కు కాబట్టి ముందుగా మాట్లాడుకోవాలి.

తొమ్మిదో రోజు: లఖ్‌పత్ కోట చూసుకుని, మాతా నో మఢ్ మీదుగా భుజ్. సుమారు 170 కిలోమీటర్లు. లఖ్‌పత్‌కు ఓ కథ ఉంది. సింధు నది పాయ పక్కన పారినన్నాళ్లూ ఇది కళకళలాడిన రేవు పట్నం. 1819లో వచ్చిన భూకంపం నీటి దారినే మార్చేసింది. పట్నం ఖాళీ అయిపోయింది. ఇప్పుడు కోట గోడలు, గురుద్వారా, కొద్దిపాటి ఇళ్లు మిగిలాయి. వరదొస్తే లంక గ్రామాలు మునగడం చూసిన కొల్లూరు వాళ్లకు, నది వెళ్లిపోతే ఊరు ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది.

పదో రోజు: కాలా డుంగర్ ఎక్కి, సాయంత్రానికి ధోర్డో. సుమారు 140 కిలోమీటర్లు. కాలా డుంగర్ కచ్‌లో ఎత్తైన చోటు. 450 మీటర్లకు పైనే. మీద దత్తాత్రేయుడి గుడి ఉంది. పై నుంచి చూస్తే రణ్ ఎంత పెద్దదో అర్థమవుతుంది. సూర్యాస్తమయానికి ధోర్డో దగ్గరి తెల్ల ఎడారికి చేరాలి. ధోర్డో 2023లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చోటు దక్కించుకుంది.

పదకొండో రోజు: ఖావ్డా నుంచి ‘రోడ్ టు హెవెన్’ మీదుగా ధోలావీరా. సుమారు 100 కిలోమీటర్లు. ధోలావీరా హరప్పా నాగరికత కాలపు నగరం. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. వాన నీటిని ఒడిసిపట్టడానికి రాతిలో తొలిచిన పెద్ద పెద్ద చెరువులు అక్కడి అసలు వింత. నాలుగు వేల ఏళ్ల కిందట, కాలవలు లేని చోట, నీటిని ఎలా దాచుకున్నారో చూడటానికి డెల్టా రైతు తప్పక వెళ్లాలి.

పన్నెండో రోజు: పొద్దున్నే తవ్వకాల స్థలం చూసి, రాపర్ మీదుగా హైవే ఎక్కి అహ్మదాబాద్ దారి. అక్కడి నుంచి వచ్చిన దారే. మొత్తం 16 రోజులు, దాదాపు 4,400 కిలోమీటర్లు.

ఉప్పు మీదకు కారు దించొద్దు

ఈ యాత్రలో అందరూ గుర్తుంచుకోవాల్సిన మాట ఇదే. పైన కనిపించే ఉప్పు సిమెంటు గచ్చులా గట్టిగా ఉంటుంది. మనిషి నడిస్తే ఏమీ కాదు. కానీ అది పొర మాత్రమే. కింద ఉండేది తడి బురద. టన్నున్నర కారు ఎక్కితే పొర పగిలి చక్రాలు దిగిపోతాయి. యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ ఇంకా లోపలికి వెళ్తాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా దీనికి మినహాయింపు కాదు.

మన దగ్గర పొలం గట్టు దిగి కారు బురదలో ఇరుక్కుంటే పక్క చేలోంచి ట్రాక్టర్ వస్తుంది. అక్కడ చుట్టూ చేలు ఉండవు. ట్రాక్టర్ రావడానికి పూట పట్టొచ్చు. వీడియో కోసం రోడ్డు దిగాలనిపించినా దిగొద్దు. కారు తారు రోడ్డు పక్కన గట్టి చోట ఆపి, నడిచి వెళ్లి ఫొటోలు తీసుకుంటే సరిపోతుంది. రోడ్డు మధ్యలో కారు ఆపి ఫొటోలు దిగడమూ ప్రమాదమే. రెండు వైపులా ఖాళీగా కనిపించినా నేరుగా ఉన్న రోడ్డు మీద బండ్లు వేగంగా వస్తాయి. ఖావ్డా దగ్గర భారీ సోలార్, పవన విద్యుత్ పార్కు కడుతుండటంతో పెద్ద లారీలూ తిరుగుతున్నాయి.

పర్మిట్ కావాలా? సరిహద్దు రూల్స్ ఏంటి?

తెల్ల ఎడారి పాకిస్థాన్ సరిహద్దుకు దగ్గర. అందుకే ధోర్డో వైపు వెళ్లేవాళ్లు పర్మిట్ తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, భిరండియారా చెక్‌పోస్టులోనూ ఇస్తారు. మనిషికింత, బండికింత అని కొద్దిపాటి ఫీజు ఉంటుంది. పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డులు దగ్గరుండాలి. ఫోన్‌లో ఫొటోతో పాటు ఒరిజినల్, రెండు జిరాక్స్ కాపీలు పెట్టుకోవాలి. సిగ్నల్ లేకపోతే ఫోన్‌లోని డిజిటల్ కార్డు తెరుచుకోదు.

ఖావ్డా దాటాక వచ్చే ఇండియా బ్రిడ్జి అవతలకు ప్రత్యేక అనుమతి లేనిదే పంపరు. బీఎస్‌ఎఫ్ చౌకీలు, వంతెనలు, సైనిక వాహనాలను ఫొటో తీయకూడదు. డ్రోన్ తీసుకెళ్లాలనే ఆలోచన ఉంటే మానుకోవడమే మంచిది. విదేశీ పాస్‌పోర్టు ఉన్న మనవలు, మనవరాళ్లు వెంట వస్తుంటే వాళ్ల రూల్స్ వేరుగా ఉండొచ్చు. పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు తీసుకెళ్లి, ముందుగా భుజ్‌లో కనుక్కోవాలి.

పెట్రోలు, నీళ్లు, సిగ్నల్.. ‘సగం అంటే ఖాళీ’

హైవే మీద పది, ఇరవై కిలోమీటర్లకో బంకు కనిపిస్తుంది. భుజ్ దాటాక ఆ ధీమా వదిలేయాలి. రూల్ ఒక్కటే. ట్యాంకు సగానికి వస్తే ఖాళీ అయినట్టే లెక్క. భుజ్‌లో ఫుల్ చేయించాలి. దారిలో బంకు కనిపిస్తే మళ్లీ నింపాలి. సీఎన్‌జీ బండ్లవాళ్లు పెట్రోలు ట్యాంకు కూడా నిండుగా పెట్టుకోవాలి. ఎలక్ట్రిక్ కారైతే భుజ్ నుంచి బయల్దేరే ముందు ఆ రాత్రి బస చేసే చోట చార్జింగ్ ఉందో లేదో ఫోన్ చేసి అడగాలి. యాప్‌లో కనిపించిన స్టేషన్ పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు.

నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున, ఒక రోజుకు సరిపడా అదనంగా పెట్టుకోవాలి. ఇరవై లీటర్ల టిన్ను ఒకటి డిక్కీలో వేస్తే చాలావరకు సరిపోతుంది. ఆ నీళ్లు రేడియేటర్‌కూ అక్కరకొస్తాయి.

సరిహద్దు వైపు ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. కచ్ మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఇద్దరి ఫోన్లలో వేర్వేరు కంపెనీల సిమ్‌లుంటే మేలు. ఏ రోజు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో, రాత్రి ఎక్కడుంటారో పొద్దున్నే ఇంట్లో ఉన్నవాళ్లకు మెసేజ్ పెట్టాలి. రాత్రి 8 దాటినా ఫోన్ రాకపోతే బస చేసే చోటుకు ఫోన్ చేయాలని వాళ్లకు చెప్పి ఉంచాలి. ఇది ఖర్చు లేని బీమా.

పొద్దు లెక్క మారిపోతుంది

మనం గమనించని విషయం ఇంకొకటుంది. గడియారం ఒకటే అయినా కచ్‌లో సూర్యుడు ఆలస్యంగా వస్తాడు. కొల్లూరు కంటే భుజ్ దాదాపు 11 డిగ్రీలు పడమరగా ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అదే 44 నిమిషాలు. చలికాలంలో తెల్లారేసరికి తేడా ఇంకాస్త పెరుగుతుంది. జనవరి ఆఖరులో అక్కడ ఏడు దాటినా మసక చీకటే.

మన అలవాటు ప్రకారం ఐదింటికే బయల్దేరితే రెండు గంటలు చీకట్లో నడపాలి. రోడ్డు మీదకు పశువులు, ఒంటెలు, నీల్‌గాయ్‌లు వచ్చే వేళ అది. ఏడున్నరకు బయల్దేరి, సాయంత్రం ఆరున్నరకల్లా బసకు చేరేలా పెట్టుకుంటే చాలు.

పెద్దవాళ్లు వస్తున్నారా?

రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందులు ప్రయాణం రోజుల కంటే వారం ఎక్కువకు సరిపడా తీసుకెళ్లాలి. వాటిని రెండు భాగాలు చేసి రెండు బ్యాగుల్లో పెట్టాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు చల్లగా ఉంచే పెట్టె తెచ్చుకోవాలి. డాక్టర్ చీటీ కాపీ ఉంటే వేరే రాష్ట్రంలోనూ మందులు దొరకడం తేలిక.

పెద్ద ఆస్పత్రులు కావాలంటే భుజ్‌కే రావాలి. నారాయణ్ సరోవర్ నుంచి భుజ్ 150 కిలోమీటర్లు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లు ఈ దూరాన్ని గుర్తుపెట్టుకుని డాక్టర్‌ను అడిగే బయల్దేరాలి. వద్దంటే ఆ పడమర చివర వదిలేసి భుజ్, ధోర్డోతో సరిపెట్టుకున్నా యాత్ర చేసినట్టే.

రెండు గంటలకోసారి కారు ఆపి అందరూ నాలుగడుగులు నడవాలి. కాళ్ల వాపులు తగ్గుతాయి, డ్రైవర్‌కూ ఊపిరి తీసుకున్నట్టుంటుంది. కచ్‌లో భోజనం చాలాచోట్ల శాకాహారమే. కూరల్లో తీపి తగులుతుంది. ఆవకాయ, కందిపొడి వెంట ఉంటే పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు.

బండి, కాగితాలు, టోల్

బయల్దేరడానికి పది రోజుల ముందే సర్వీసింగ్ చేయించాలి. ముందు రోజు చేయిస్తే తేడా వచ్చినా చూసుకునే టైమ్ ఉండదు. టైర్లు, స్టెప్నీలో గాలి, బ్రేకులు, కూలెంట్, బ్యాటరీ, ఏసీ తప్పనిసరి. జాకీ ఎలా పెట్టాలో ఇంట్లో ఒకసారి చేసి చూడాలి. ఉప్పు గాలికి, ఉప్పు మట్టికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కచ్ నుంచి బయటపడగానే బండి అడుగు భాగం మంచినీళ్లతో కడిగించాలి.

ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్స్.. వీటిలో ఏ ఒక్కటీ యాత్ర మధ్యలో గడువు తీరిపోకూడదు. తెలిసినవాళ్ల తెల్ల బోర్డు కారును కిరాయికి తీసుకెళ్తే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. కిరాయి కారైతే పసుపు బోర్డు, వేరే రాష్ట్రాల్లో తిరిగే పర్మిట్ ఉన్నదే తీసుకోవాలి.

2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది. మొదలైనప్పుడు ధర రూ.3,000. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ఇంత దూరం వెళ్లేవాళ్లకు ఇది కలిసొస్తుంది. అయితే జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల మీదే చెల్లుతుంది. ముంబై-పుణె ఎక్స్‌ప్రెస్‌వే లాంటి రాష్ట్ర రోడ్లకు ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ వేరే ఉండాలి. ఆ ఎక్స్‌ప్రెస్‌వే మీదకు బైకులను అనుమతించరు. బైక్ మీద వెళ్లే కుర్రాళ్లు పాత హైవే పట్టుకోవాలి.

ఇంకో మాట. గుజరాత్‌లో 1960లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ మద్య నిషేధం ఉంది. మహారాష్ట్రలో కొన్న బాటిల్ డిక్కీలో ఉన్నా కేసు అవుతుంది, బండి కూడా స్టేషన్‌కు వెళ్తుంది. సరిహద్దు దాటేముందే డిక్కీ చూసుకోవాలి.

ఖర్చు ఎంత?

లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 4,400 కిలోమీటర్లకు దాదాపు 300 లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయలనుకుంటే రూ.30 వేలు. 15 రాత్రుల బస, తిండి మీ అలవాటును బట్టి. రణ్ ఉత్సవ్ టెంట్ సిటీలో గది ఖరీదెక్కువ. చుట్టుపక్కల ఊళ్లలో మట్టితో కట్టిన గుండ్రటి భుంగా ఇళ్లలో బస అంతకంటే తక్కువలో దొరుకుతుంది. ఆ గుండ్రటి కట్టడం భూకంపాన్ని బాగా తట్టుకుంటుందని పేరు. అనుకున్న మొత్తానికి ఐదో వంతు అదనంగా పెట్టుకోవాలి. కొంత నోట్ల రూపంలో దగ్గరుంచుకోవాలి. సిగ్నల్ లేని చోట యూపీఐ పనిచేయదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు..

కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్లకు ఇలాంటి ఎడారి ద్వీపకల్పం పక్కనే ఉంది. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా. 1973లో పూర్తయిన హైవే 1 టిహువానా నుంచి కాబో సాన్ లూకాస్ దాకా సుమారు 1,700 కిలోమీటర్లు సాగుతుంది. మధ్యలో దాదాపు 300 కిలోమీటర్లు నమ్మకమైన బంకు దొరకని చోటుంది. అమెరికా కారు బీమా మామూలుగా అక్కడ చెల్లదు, మెక్సికో బీమా తీసుకోవాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు తిరిగి అమెరికాలోకి వచ్చే విషయం లాయర్‌తో మాట్లాడాకే సరిహద్దు దాటాలి. మిగతావన్నీ కచ్ సూత్రాలే. పగలే నడపాలి, కనిపించిన బంకులో నింపాలి, రోడ్డు దిగకూడదు.

అత్యవసరమైతే ఈ నంబర్లు

జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033. అంబులెన్స్‌కు 108. పోలీసులతో సహా ఏ సాయానికైనా 112. వీటిని ఫోన్‌లోనే కాదు, కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డులో అంటించాలి. దాని కిందే ఇంటి నంబరు, బ్లడ్ గ్రూపులు కూడా రాస్తే మంచిది.

చివరగా.. వెనక్కి తిరిగే గీత ముందే గీసుకోండి

పెద్ద ప్రయాణాల్లో ఇబ్బంది వచ్చేది దారి తెలియక కాదు. ‘ఇంత దూరం వచ్చాం కదా, ఇంకొంచెం వెళ్దాం’ అనుకోవడం వల్ల. అందుకే ఇంట్లో కూర్చున్నప్పుడే నాలుగు గీతలు గీసుకోవాలి. చీకటి పడితే ఆగిపోతాం. డ్రైవర్ నిద్రొస్తోందంటే ఎవరూ మారుమాట అనరు. ట్యాంకు సగమైతే ముందుకెళ్లం. పెద్దవాళ్లలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే భుజ్‌కు తిరిగిపోతాం.

ఈ నాలుగూ బయల్దేరే ముందు కారులో వచ్చే అందరి ముందూ అనుకోవాలి. పిల్లలతో సహా. అక్కడికెళ్లాక వాదించుకునే పని ఉండదు. ఆ ఉప్పు ఎడారి వచ్చే చలికాలంలోనూ అక్కడే ఉంటుంది. ఈసారి కుదరకపోతే మళ్లీ వెళ్లొచ్చు. వెళ్లినవాళ్లందరూ క్షేమంగా కొల్లూరు తిరిగొస్తేనే అది మంచి యాత్ర.